పీరమ్మ గిన్నె

నలభై మూడు గ్రాములు.

ఆ నెల మొత్తానికి జిలానీ వాడి పారేసిన ప్లాస్టిక్కు అంతే. మొదటి నెల తూచినప్పుడు కిలోన్నర దాటింది. ఇప్పుడు గుడ్డసంచిలో వేసి కొక్కెం తక్కెడకు తగిలిస్తే ముల్లు కదలనే లేదు. అందుకని ఊళ్లోకి దిగి కంసాలి దగ్గర తూయించాడు.

కంసాలి ఆ చెత్తను వేలితో అటూ ఇటూ కదిపి చూశాడు. మాత్రల అట్టలు, పెన్ను రీఫిళ్లు, తెగిన చెప్పు పట్టీ, బియ్యం బస్తా మూతికి కుట్టిన దారం.

"దీన్నేం చేయమంటావబ్బాయ్? కరిగించేదా?"

"తూస్తే చాలు."

ఆ అంకెను నోట్లో పెట్టుకున్న బెల్లంముక్కలా చప్పరించుకుంటూ జిలానీ గుట్ట మెట్లెక్కాడు. పైన దర్గా వసారాలో మౌలాలి తాత కాళ్లు చాపుకుని బొంత కుడుతున్నాడు. సమాధి మీద జనం కప్పిన పాత చాదర్లను విప్పి, పొరలు పొరలుగా వేసి, చలికాలానికి ఎవరికో ఒకరికి బొంత చేసి ఇవ్వడం ఆయన అలవాటు. పుట్టుక దూదేకులవాళ్ల ఇంట్లో. దూది ఏకే వింటి తాడు వదిలి ఏళ్లు గడిచినా చేతులు మాత్రం ఖాళీగా ఉండవు.

"నలభై మూడు, తాతా!"

"ఎవరి వయసు?"

"వయసు కాదు, ప్లాస్టిక్కు. నెలకు నలభై మూడు గ్రాములకు తెచ్చా. ఇక్కడి నుంచి సున్నాకు ఎట్లా పోవాలో తెలియట్లా. ఎంత లెక్కేసినా ఇంక తగ్గించడానికి ఏమీ కనపడట్లా. నువ్వే దారి చెప్పాలి."

తాత సూది ఆపాడు.

"నిన్న అన్నం ఎవరితో తిన్నావు నాయనా?"

"ఒక్కణ్ణే."

"మొన్న?"

"ఒక్కణ్ణే. దానికీ దీనికీ ఏం సంబంధం?"

తాత దారాన్ని పళ్లతో తెంపి మళ్లీ సూదిలోకి ఎక్కించుకునే పనిలో పడ్డాడు. కళ్లు సరిగా ఆనవు. జిలానీ సూది అందుకుని దారం ఎక్కించి ఇచ్చాడు.

*

జిలానీ దర్గాకు వచ్చి రెండేళ్లు కావస్తోంది. అంతకుముందు మార్కాపురంలో ఒక ఫైనాన్స్ ఆఫీసులో లెక్కలు రాసేవాడు. తల్లి పోయాక అద్దెగదిలో సాయంత్రాలు గడవడం కష్టమైంది. ఒక గురువారం ఎవరో రమ్మంటే ఈ గుట్టకు వచ్చాడు. దీపాలు పెట్టే వేళకు జనం చేరారు. తలా ఒక గిన్నె తెచ్చారు. ఫాతెహా చదివాక అందరూ బండ మీద వరుసగా కూర్చుని ఒకరి వంట ఒకరు తిన్నారు. పక్కనున్న పెద్దావిడ అతని ఆకులో మలీదా పెట్టింది. రొట్టెలు వేడివేడిగా నలిపి బెల్లం కలిపిన ముద్ద. "ఎవురి పిల్లోడివి నాయనా?" అని అడిగింది. ఆ మాట అతన్ని ఎవరైనా అడిగి చాలా రోజులైంది. జిలానీ మళ్లీ ఆఫీసుకు పోలేదు.

ఊరికే కూర్చునే మనిషి కాడు. వచ్చిన నెలలోనే దర్గా పనులన్నీ ఒక దారికి తెచ్చాడు. గురువారం వచ్చిన గిన్నెలు రాత్రికి అక్కడే ఉండిపోయేవి. తెల్లారాక తాత వాటిని కడిగి, సంచిలో వేసుకుని, ఇల్లిల్లూ తిరిగి ఇచ్చి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటేది. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కే ముసలాయన్ని చూసి జిలానీ ఒక ఉపాయం చేశాడు. ప్రతి గిన్నెకూ ఎర్ర పెయింటుతో ఒక నంబరు వేశాడు. గేటు పక్కన బల్ల వేసి, వరుసగా పేర్చి, ఎవరి నంబరు గిన్నె వాళ్లు తీసుకుపొమ్మన్నాడు.

తెలివైన కుర్రాడన్నారు అందరూ. తాత గిన్నెలు మోసే సంచిని మడిచి దండెం మీద వేశాడు.

ఆ తర్వాత ఎందుకో గిన్నెలు తగ్గి కవర్లు రావడం మొదలైంది. పులిహోర కవర్లో, గుగ్గిళ్లు కవర్లో, చివరికి సేమియా పాయసం కూడా మూతి ముడేసిన కవర్లోనే. బల్ల మీది గిన్నెలకు దుమ్ము పట్టింది. కొన్నాళ్లకు జిలానీ వాటిని వెనక కొట్లోకి చేర్చాడు. కవర్లు ఎందుకు పెరిగాయో అతను ఆలోచించలేదు. ఎన్ని పెరిగాయో మాత్రం లెక్కపెట్టాడు.

నిరుడు ఉరుసు అయిపోయాక గుట్ట కింద ఒక ఆవు పడిపోయింది. పశువుల డాక్టరు వచ్చేసరికే ప్రాణం పోయింది. కడుపు కోసి చూస్తే మెలిపడిన తాడులాగా కవర్లు. లాగేకొద్దీ వచ్చాయి. వాటిల్లో ఉరుసుకు చక్కెర పంచిన కవర్లూ ఉన్నాయి. ఆవు యజమాని పక్కనే గొంతుక్కూర్చుని దాని చెవి నిమురుతూ ఉన్నాడు.

ఆరోజు నుంచి జిలానీ మారిపోయాడు. టూత్‌పేస్టు మానేసి వేపపుల్ల పట్టాడు. షాంపూ పోయి కుంకుడుకాయ వచ్చింది. పాల ప్యాకెట్టు వద్దని టీయే మానేశాడు. మూడు గిన్నెల స్టీలు క్యారేజి ఒకటి కొన్నాడు. నూనెకూ, పెరుగుకూ, కూరకూ అన్నిటికీ అదే. అది చేతిలో లేకుండా గుట్ట దిగడు. ఎక్కడికి తీసుకుపోయినా మళ్లీ తనతోనే వెనక్కి తెచ్చుకుంటాడు.

అంతవరకూ అయితే బాగానే ఉండేది. గురువారాలు గేటు దగ్గర నిలబడ్డాడు. కవరు కనపడితే లోపలికి రానివ్వడు. స్నేహితుడి పెళ్లికి పోయి, ప్లాస్టిక్ పూత పూసిన విస్తళ్లలో తిననని తన క్యారేజి మూత మీద అన్నం పెట్టించుకుని స్తంభం పక్కన నిలబడి తిన్నాడు. వరసైన వాళ్లు ఫొటోలు తీశారు. టీకొట్టు దగ్గరికి వస్తుంటే ఎవడో ఒకడు, "ఒరేయ్, జిలానీ వస్తున్నాడు, కవర్లు దాచండి!" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. మొదట్లో జిలానీ కూడా నవ్వేవాడు. తర్వాత టీకొట్టు ముందు నుంచి పోవడం మానేసి వెనకదారి పట్టాడు.

పీరమ్మ సంగతి అప్పుడే జరిగింది.

పలకరాళ్ల గనుల దగ్గర రేకుల ఇళ్లలో ఉంటుందామె. మొగుడు లేడు, పిల్లల్లేరు. పలకలు ఏరే పనికి పోతుంది. జిలానీ ఆకులో మొదటి గురువారం మలీదా పెట్టింది ఆమే. ఒకరోజు ఆ మలీదానే కవర్లో పట్టుకొచ్చింది. వేడికి కవరు లోపల ఆవిరి పట్టింది. గేటు దగ్గర వెనకాల పదిమంది ఉన్నారు.

"వేడి ముద్ద కవర్లో పెడితే విషం తిన్నట్టే. మన మనవళ్ల మనవళ్లు పోయినా ఈ కవరు పోదు. తీసుకుపో అమ్మా. గిన్నెలో తెస్తేనే లోపలికి," అన్నాడు జిలానీ. గట్టిగానే అన్నాడు. అందరికీ వినపడాలనే అన్నాడు.

పీరమ్మ ఏదో చెప్పబోయి వెనక్కి చూసింది. జనం చూస్తున్నారు. "సరేలే నాయనా," అని కవరును కొంగులో దాచుకుని మెట్లు దిగిపోయింది.

ఆరోజు చెత్తగంపలో ఒక్క కవరూ పడలేదు. జిలానీ దాన్ని తాతకు ఎత్తి చూపించాడు. తాత గంపలోకి చూడలేదు. మెట్ల వైపు చూశాడు.

ఆ తర్వాత పీరమ్మ రాలేదు. మెల్లమెల్లగా మిగతావాళ్లూ తగ్గారు. ఇప్పుడు గురువారం ఫాతెహా అయ్యాక బండ మీద వరుస లేదు. తాత గుక్కెడు గంజి తాగి పడుకుంటాడు. జిలానీ ఆ పెద్ద బండ మీద ఒక మూల కూర్చుని, క్యారేజి విప్పుకుని, గుట్ట కింద ఇళ్లల్లో వెలిగే దీపాలు చూస్తూ తింటాడు. స్టీలు గిన్నెకు చెంచా తగిలినప్పుడల్లా ఆ చప్పుడు అతనికే పెద్దగా వినపడుతుంది.

*

బొంత అంచు కుట్టడం ముగించి తాత చెయ్యి చాపాడు.

"నీ క్యారేజి ఇటు తే."

జిలానీ తెచ్చి ఇచ్చాడు. తాత పై గిన్నెలో గుప్పెడు పుట్నాలు, కాస్త చక్కెర, సమాధి మీది మల్లెలు నాలుగు వేశాడు. మూత బిగించి, కర్ర అందుకుని లేచాడు.

"యాడికి తాతా? నీ మోకాళ్లు..."

"అవీ నాతోపాటే వస్తాయిలే."

ఎండ దిగేవేళకు తిరిగొచ్చాడు. చేతిలో కర్ర ఒక్కటే ఉంది.

"క్యారేజి ఏది?"

"పీరమ్మ ఇంట్లో పెట్టొచ్చా."

"ఎందుకు?"

"సున్నాకు దారి అడిగావు గదా," అని తాత అరుగు మీద పడుకుని కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు క్యారేజి తిరిగొస్తుందనుకున్నాడు జిలానీ. రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నూనె నిండుకుంది. ఖాళీ చేతులతో కొండయ్య కొట్టుకు పోయాడు.

"పావుకిలో నూనె."

కొండయ్య డబ్బా మీది కొలగిన్నె తీసి ఆగాడు. "నీ క్యారేజి ఏది?"

"లేదు."

"మరి దోసిట్లో పొయ్యనా?"

కొట్టు ముందున్న ఇద్దరు ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. కొండయ్య నూనె ప్యాకెట్టు తీసి ఊపాడు. "ఇదిగో. కంసాలి చెప్పాడులే, నీది నలభై మూడంట గదా. దీంతో ఓ నాలుగు పెరుగుద్ది. ఏం పర్లేదు, ఎవురికీ చెప్పం."

జిలానీ నూనె లేకుండానే గుట్టెక్కాడు. ఆ పూట ఉడకేసిన కందిపప్పులో ఉప్పు కలుపుకుని తిన్నాడు. కూర అడుగుదామంటే ఏ ఇంటికి పోవాలో తోచలేదు. ఇన్నాళ్లూ ఎవరింటికీ పోలేదు మరి.

గురువారం పొద్దున జిలానీ తాత ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఇంకా పంపలా ఆమె. నాలుగడుగులు వేసి ఇచ్చిపోవచ్చుగా!"

"ఎక్కడికి రావాలంటావు? ఈ గేటు దగ్గరికేనా?"

జిలానీ గేటు వైపు చూడలేదు.

"నేనే పోయి తెచ్చుకుంటా."

"పోయిరా."

నాలుగు మెట్లు దిగాడో లేదో వెనక నుంచి తాత గొంతు వినపడింది.

"ఉత్త చేతుల్తోనేనా? ఆమె గిన్నె మన దగ్గరే ఉంది గదా."

*

వెనక కొట్లో కిటికీ లేదు. తలుపు బార్లా తీస్తే వెలుతురు గిన్నెల మీద పడింది. ఒకదాంట్లో ఒకటి బోర్లించి, గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. సాలెపురుగు గూడు ఒక చివర నుంచి ఇంకో చివరికి అల్లుకుంది.

"తాతా! పీరమ్మ గిన్నె ఎన్నో నంబరు?"

"నాకేం తెలుసు నాయనా. నంబర్లు వేసింది నువ్వు."

జిలానీకీ గుర్తులేదు. అప్పట్లో గబగబా వేసుకుపోయాడు. పైకి కనపడాలని గిన్నె నడుమున, నున్నగా ఉన్నచోట చూసి మరీ వేశాడు. ఒక గిన్నె బయటికి తెచ్చి ఎండలో తిప్పి చూశాడు. ఎర్ర అంకె కింద సన్నటి గీతలేవో ఉన్నాయి. పలకరాయి ముక్కతో గీకాడు. కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు.

చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు బయటపడింది. మల్లెబోయిన రాములమ్మ.

ఇంకోటి గీకాడు. సాహెబ్బీ. ఇంకోటి. మస్తానమ్మ మనవరాలి పుట్టువెంట్రుకలకు. పెయింటు ముక్కలు గోళ్ల సందుల్లో గుచ్చుకున్నాయి. అయినా ఆపలేదు. ఒక్కో అంకె కింద ఒక్కో మనిషి. కొందరి ముఖాలు గుర్తొచ్చాయి. ఫలానా ఆమె చింతపండు ఎక్కువ వేస్తుంది, ఫలానా ఆమె వడ్డిస్తూ తిడుతుంది. కొందరి ముఖాలు ఎంత ప్రయత్నించినా రాలేదు.

సొట్టపడిన ఇత్తడి గిన్నె ఒకటి, అంచు దగ్గర మాటు వేసి ఉంది. దాని మీది అంకె మొండిగా ఉంది. గీకి గీకి చివరికి అక్షరాలు పట్టుకున్నాడు.

చెల్లెలు పీరమ్మకు అన్న దస్తగిరి ఇచ్చినది.

జిలానీ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆ అక్షరాల మీద వేలు పోనిచ్చాడు.

వాళ్లమ్మ గుర్తొచ్చింది. పక్కింటి నుంచి పచ్చడో పాయసమో వస్తే అమ్మ ఆ గిన్నెను కడిగి చూరు కింద బోర్లించేది. వెంటనే ఇచ్చేది కాదు. రెండ్రోజులాగి, ఏదైనా కాస్త మంచిది వండినప్పుడు అందులో పెట్టి అతని చేతికిచ్చేది. ఏమీ లేనప్పుడు నాలుగు కరివేపాకు రెబ్బలైనా వేసేది. "ఉత్త గిన్నె పట్టుకుని ఒకళ్ల గుమ్మం ముందు నిలబడతారా ఎవరైనా?" అనేది. అతను గిన్నె పట్టుకుని పోయేవాడు. ఆ ఇంట్లోవాళ్లు కూర్చోబెట్టేవాళ్లు. అమ్మ ఏం చేస్తోంది, నీకెన్ని మార్కులొచ్చాయి, ఇంత తిని పో. పక్కిల్లే అయినా తిరిగొచ్చేసరికి పొద్దుగూకేది.

ఆ గేటు పక్క బల్ల గుర్తొచ్చింది. దాని మీద వరుసగా, శుభ్రంగా, నంబర్లు కనపడేట్టు తిప్పి పెట్టిన ఖాళీ గిన్నెలు. వాటి వైపు చూస్తూ, చెయ్యి చాపబోయి, ఉత్త గిన్నె తీసుకోలేక మెట్లు దిగిపోయి, మళ్లీ గురువారానికి కవరు పట్టుకొచ్చిన ఆడవాళ్లు.

అతను లేచి పొయ్యి రాజేశాడు.

*

రొట్టెలు గుండ్రంగా రాలేదు. ఒకటి మాడింది. చేతులు కాల్చుకుంటూ నలిపి, బెల్లం తరిగి కలిపాడు. చింతపండేసి తోమిన ఇత్తడి గిన్నెలో సర్ది, పైన అరటాకు ముక్క కప్పి, గుడ్డతో మూతి కట్టాడు. వేలికంటిన ముద్దను తాత నోటికి అందించాడు.

తాత నెమ్మదిగా నమిలాడు. "బెల్లం తక్కువైంది."

"ఇంకాస్త కలపనా?"

"వద్దులే. ఆమెకు అనడానికి ఒక మాట ఉండొద్దూ?"

వసారా నిండా పేర్లు బయటపడిన గిన్నెలు ఎండలో ఆరుతున్నాయి. వాటిని చూసేసరికి జిలానీ కళ్లలోకి పాత వెలుగొచ్చింది.

"తాతా, మొత్తం ముప్పై ఎనిమిదున్నాయి. రోజుకు నాలుగు ఇళ్ల చొప్పున పోతే, గనుల వైపువి ఒకసారి, ఊళ్లోవి ఒకసారి కలిపేసుకుంటే..."

"నాయనా," అన్నాడు తాత. "ఇవాళ ఒకటి మొయ్యి."

జిలానీ గిన్నెను రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగాడు.

ఊళ్లోకి చేరాక అలవాటుగా వెనకదారికి మళ్లబోయి ఆగాడు. టీకొట్టు ముందు నుంచే పోయాడు. ఎవడో, "కవర్లు..." అనబోయి, చేతిలో ఇత్తడి గిన్నె చూసి, "ఎవురింటికిరా?" అన్నాడు.

"పీరమ్మ ఇంటికి," అన్నాడు జిలానీ.

గనుల దాకా దారంతా పలకరాయి పెళ్లలు. కాలు జారితే గిన్నె పోతుందని చూసి చూసి అడుగేశాడు. రేకుల ఇళ్ల వరుసలో చివరిది ఆమెది. మూసిన తలుపుకు పగులు ఉంది. సందులోంచి లోపలి పొయ్యి కనపడుతోంది. పొయ్యి పక్కన తళతళా తోమిన అతని క్యారేజి, మూడు గిన్నెలూ విడదీసి వరుసగా పెట్టి ఉంది. రెండు నిండి ఉన్నాయి. మూడోది ఇంకా ఖాళీ. దాని ముందు కూర్చుని పీరమ్మ, వీపు ఇటు తిప్పుకుని, వేడి రొట్టె నలుపుతోంది. మధ్య మధ్య వేళ్లు ఊదుకుంటోంది.

సందులోంచి బెల్లం వాసన వస్తోంది.

ఏమని పిలవాలో జిలానీకి వెంటనే తెలియలేదు. ఆరోజు గేటు దగ్గర అమ్మా అన్నాడు. ఆ మాట ఇప్పుడు నోటికి రాలేదు. గిన్నెను ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. గిన్నె ఇంకా వెచ్చగానే ఉంది. దాని నడుమున చెక్కిన అక్షరాలు అరచేతికి గరుగ్గా తగులుతున్నాయి.

"అత్తా..." అంటూ గొళ్లెం మీదికి చెయ్యి ఎత్తాడు.